రగూసా ఇబ్లా: పైనుంచి దిగి చూడాల్సిన ఊరు

ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్తున్నామంటే చాలు, చుట్టాలూ స్నేహితులూ పలెర్మో అంటారు, ఎట్నా అగ్నిపర్వతం అంటారు. దీవికి ఆగ్నేయ మూలన సున్నపురాతి కొండల మీద రగూసా అనే ఊరుందని ఎవరూ చెప్పరు. ఆ ఊళ్ళో పాత సగం పేరు ఇబ్లా. నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కొండ అడుగున దిగాను. చక్రాల సూట్‌కేసుని మెట్ల మీద లాక్కుంటూ పైకి ఎక్కాను. తీరా చూస్తే చర్చిలు మూసేశారు, దుకాణాలు మూసేశారు, హోటళ్ళలో వంటింటి పొయ్యి ఆర్పేస్తున్నారు. ఒక గుమ్మం నీడలో కూర్చుని బ్యాగులో మిగిలిన బిస్కెట్లు తిన్నాను. రెండోసారి మా ఆవిడతో, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారితో వెళ్ళాను. అప్పుడు అంతా తిరగేసి చేశాం, సుఖంగా జరిగిపోయింది. ఆ రెండో వరసే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఊరి గొడవ తెలుసుకోండి

ఇది తెలియకుండా వెళ్తే అక్కడ ఏం చూస్తున్నామో అర్థం కాదు. 1693 జనవరి 11న వచ్చిన భూకంపం ఆగ్నేయ సిసిలీని నేలమట్టం చేసింది. సుమారు 60 వేల మంది పోయారు. రగూసాలో మిగిలినవాళ్ళకి ఊరు మళ్ళీ ఎక్కడ కట్టుకోవాలన్న దగ్గర పేచీ వచ్చింది. కొందరు పక్కనున్న ఎత్తైన మైదానం మీద తిన్నని వీధులతో కొత్త ఊరు కట్టుకున్నారు. మిగతావాళ్ళు, ముఖ్యంగా పాత కులీన కుటుంబాలు, తాతల నాటి కొండ వదలం అని కూలిన చోటే కట్టుకున్నారు. పైన ఉన్నది రగూసా సుపెరియోరే, కింద ఉన్నది ఇబ్లా.

ఈ పేచీ దేవుళ్ళ దాకా వెళ్ళింది. కిందవాళ్ళు సాన్ జార్జో (సెయింట్ జార్జ్) భక్తులు, పైవాళ్ళు సాన్ జొవాన్ని (సెయింట్ జాన్) భక్తులు. అందుకే చిన్న ఊరికి రెండు పెద్ద చర్చిలు. 1865లో రెండు వేరువేరు మునిసిపాలిటీలు కూడా అయ్యాయి, మళ్ళీ 1926లో కలిపారు. మన దగ్గర ఒకే ఊళ్ళో రెండు వీధులవాళ్ళు పోటీపడి రెండు రామాలయాలు కట్టిన కథలు విన్నవాళ్ళకి దీన్ని ఇంకా వివరించక్కర్లేదు.

భూకంపం తర్వాత అందరూ ఒకే కాలంలో కట్టారు కాబట్టి ఆ ప్రాంతమంతా ఒకే ధోరణిలో ఉంటుంది. వంపులు తిరిగిన ముఖభాగాలు, బొమ్మలు చెక్కిన బాల్కనీలు, మెట్ల మీద నిలబెట్టిన చర్చిలు. దాన్నే బరోక్ అంటారు. ఇలా పునర్నిర్మించుకున్న 8 ఊళ్ళని కలిపి 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో రగూసా ఒకటి. నోతో, మోదికా, షిక్లి కూడా ఆ జాబితాలోవే, చుట్టుపక్కలే ఉంటాయి.

ఒక చిన్న జాగ్రత్త. పాత పుస్తకాల్లోనూ పటాల్లోనూ రగూసా అని కనిపిస్తే అది క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ కావచ్చు. దాని పాత పేరు కూడా ఇదే.

ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకు, లేదంటే సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ చివరి వరకు. "మేం రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, మాకేంటి" అనుకుని ఆగస్టులో వెళ్ళకండి. ఆ పక్క జిల్లాలోని ఫ్లోరిదియాలో 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది, అది యూరప్ రికార్డు. పైగా ఆ ఎండలో నడవాల్సింది నీడలేని రాతి మెట్ల మీద.

వీలుంటే మే చివరి ఆదివారం చూసుకోండి. ఇబ్లాలో సాన్ జార్జో ఉత్సవం అప్పుడే. గుర్రమెక్కిన సాన్ జార్జో విగ్రహాన్ని భుజాల మీద మోసుకుంటూ ఊరేగిస్తారు. పైవాళ్ళ సాన్ జొవాన్ని పండుగ ఆగస్టు 29న. పండుగ రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి.

వీసా, సూట్‌కేసు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి షెంజెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఎండాకాలం సెలవుల్లో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం, అందుకే రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. 30 వేల యూరోలకి తగ్గని ప్రయాణ ఆరోగ్య బీమా తప్పనిసరి.

సూట్‌కేసులో ఆవకాయ పెట్టుకోవచ్చు. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం ఇంట్లోనే వదిలేయండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం నిషేధం, పట్టుబడితే పారేయిస్తారు. ఇంకో ముఖ్యమైన మాట: పెద్ద చక్రాల పెట్టె కన్నా వీపున వేసుకునే బ్యాగు మేలు. చెప్పుల విషయంలో అసలు రాజీపడకండి. ఇబ్లా వీధుల్లో పరిచిన సున్నపురాయి శతాబ్దాల నడకకి నున్నగా అరిగిపోయింది. మనిళ్ళలో పరిచే తాండూరు బండలు తడిస్తే ఎలా జారతాయో తెలుసుగా, ఇవీ అదే జాతి, కాకపోతే ఏటవాలుగా ఉంటాయి. అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి.

ఎలా చేరాలి

దగ్గరలోని పెద్ద విమానాశ్రయం కతానియా. అక్కడి నుంచి రగూసాకి నేరుగా బస్సులున్నాయి, రెండు గంటల ప్రయాణం. ఇంకా దగ్గర్లో కొమీజో అనే చిన్న విమానాశ్రయం ఉంది, దానికి విమానాలు తక్కువ.

తొందర లేనివాళ్ళు దీవి తూర్పు తీరంలోని సిరక్యూజ్ ఊరి నుంచి రైలెక్కండి. నోతో, షిక్లి, మోదికా మీదుగా ఒకట్రెండు పెట్టెల రైలు నెమ్మదిగా కొండలు ఎక్కుతుంది. రెండు గంటలకి పైనే పడుతుంది. రగూసా దగ్గరికొచ్చేసరికి ఎత్తు చాలక పట్టాలు కొండ లోపల సొరంగంలో గుండ్రంగా తిరిగి పైకి తేలతాయి. కిటికీలోంచి ఇబ్లా ఒక పక్క కనిపించి, చీకటి పడి, కాసేపటికి మళ్ళీ వేరే పక్క కనిపిస్తుంది. మా అత్తగారు "ఇందాక చూసిన ఊరే కదా ఇది" అని రెండుసార్లు అడిగారు. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు స్టేషన్‌లోని మిషన్‌లో ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. టికెట్ కొన్నా ముద్ర లేకపోతే జరిమానాయే.

ఏ దారిలో వెళ్ళినా ఆదివారాలూ సెలవు రోజులూ తప్పించండి. ఆ రోజుల్లో బస్సులూ రైళ్ళూ బాగా తగ్గిపోతాయి.

కారు అద్దెకి తీసుకుంటే మన లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఇబ్లా లోపల బయటి కార్లకి ఆంక్షలున్న ప్రాంతం ఉంది. ఎర్ర గుండ్రం గీసిన బోర్డు మీద జెడ్.టి.ఎల్. అక్షరాలు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఆపడానికి పోలీసెవరూ ఉండరు, కెమెరా ఫొటో తీసుకుంటుంది. ఇలాంటి బోర్డే ఇంకో ఊళ్ళో నేను చూసుకోలేదు. ఇంటికొచ్చి ఆ ప్రయాణమే మరిచిపోయాక కార్డులోంచి డబ్బు పోయింది, జరిమానా వేరు, అద్దె కంపెనీ చాకిరీ రుసుము వేరు. పార్కింగ్‌లో నీలం గీతలు డబ్బు కట్టే చోటు, తెల్లగీతలు ఉచితం, పసుపు గీతలు మనకి కావు.

గది ఇబ్లాలోనే తీసుకోండి

పై ఊళ్ళో చవక, నిజమే. కానీ పగలు బస్సుల్లో వచ్చిన జనం సాయంత్రం వెళ్ళిపోయాక ఇబ్లా వేరే ఊరైపోతుంది. దాని కోసం ఒక్క రాత్రైనా కింద పడుకోవాలి, రెండు రాత్రులైతే ఇంకా మంచిది. బుక్ చేసేముందు ఇంటివాళ్ళకి ఒక్క ప్రశ్న రాసి పెట్టండి: కారు ఆగే చోటి నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు? "రెండు నిమిషాల నడక" అంటే సరిపోదు. ఆ రెండు నిమిషాల్లో 60 మెట్లుండొచ్చు.

ఇక అసలు పని: దిగడం

సామాను గదిలో పడేసి, సిటీ బస్సెక్కి మళ్ళీ పై ఊరికి వెళ్ళండి. బస్సు టికెట్ పొగాకు దుకాణంలో దొరుకుతుంది, పైన తెల్ల 'టి' అక్షరం ఉన్న బోర్డు చూసుకోండి. ఇది వెనక్కి నడిచినట్టు అనిపిస్తుంది కానీ ఇబ్లాని మొదటిసారి చూడాల్సింది పైనుంచే. టైము మధ్యాహ్నం మూడున్నర, నాలుగు. ఎందుకంటే చర్చిలన్నీ మధ్యాహ్నం మూసేసి మళ్ళీ నాలుగు ప్రాంతాల్లో తెరుస్తారు.

పై ఊళ్ళో ముందు సాన్ జొవాన్ని కెథెడ్రల్‌లోకి వెళ్ళి నేల చూడండి. నల్లగా ఉన్న పలకలు తారు పీల్చుకున్న సున్నపురాయి. రగూసా చుట్టుపక్కల తవ్విన ఈ తారురాయితో ఒకప్పుడు యూరప్ నగరాల్లో రోడ్లు వేశారు. అదే రాయిని ఇక్కడ దేవుడి ముందు పరిచి, మధ్యమధ్య తెల్లరాయి పొదిగారు.

అక్కడి నుంచి కొండ అంచు వైపు కిందికి నడుస్తూ వెళ్తే సాంతా మరియా దెల్లే స్కాలే చర్చి వస్తుంది. మెట్ల మరియమ్మ అనుకోవచ్చు. భూకంపానికి ముందున్న, గోతిక్ అనే పాత శైలి తోరణాలు లోపల ఒక పక్క మిగిలాయి. చర్చి ముందున్న పిట్టగోడ దగ్గరికి వెళ్ళి నిలబడండి. ఎదురుగా లోయ అవతల ఇబ్లా మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు ఇళ్ళు, అన్నీ గోధుమపిండి రంగు, అన్నిటి మీదా ఒక నీలం గుమ్మటం. పోస్టుకార్డుల మీద ఉండేది ఈ దృశ్యమే. సాయంత్రం ఎండ మన వెనక నుంచి దాని ముఖం మీద పడుతుంది. పొద్దున్నే వస్తే ఎండ మన కళ్ళలో కొడుతుంది, ఫొటోలో నల్లటి కొండ మాత్రం మిగులుతుంది.

ఇక్కడి నుంచి వందల మెట్లు. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకి ఇదొక లెక్క కాదు, పైగా దిగడమే. అయితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మేం అత్తగారిని ఈ పిట్టగోడ దాకా తీసుకొచ్చి, దృశ్యం చూపించి, మా ఆవిడని తోడిచ్చి బస్సులో పంపించాం. నేను మెట్లు దిగాను. కింద కలుసుకునేసరికి వాళ్ళిద్దరూ నాకన్నా ముందే చేరి ఐస్‌క్రీమ్ తింటున్నారు.

మెట్లు మధ్యమధ్య కారు రోడ్డుని దాటుతూ ఇళ్ళ మధ్యలోంచి వెళ్తాయి. దిగుతున్నప్పుడు సాంతా మరియా దెల్లితిరియా చర్చి గంటగోపురం చూడండి. దాని పైభాగంలో నీలం పూల పింగాణీ పలకలుంటాయి. అవి కుండల పనికి పేరున్న కల్తజిరోనే ఊరివి. ఆ తర్వాత పలాత్సో కొసెంతీని అనే భవనం వస్తుంది. గబగబా దాటిపోయేది ఇక్కడే, కాసేపు ఆగండి.

తల ఎత్తి బాల్కనీల కింద చూడండి. బరువు మోసే రాతి దిమ్మెల మీద వికార ముఖాలు చెక్కారు. బుర్ర ముక్కులు, ఉబ్బిన కళ్ళు, తెరిచిన నోళ్ళు. ఆ నోళ్ళలోంచి పాము, తేలు, కప్ప బయటికొస్తుంటాయి. చాడీలు చెప్పేవాళ్ళ బొమ్మలట అవి. మన గుడి గుమ్మం మీద కీర్తిముఖం దిష్టి పోగొట్టడానికి ఉంటే, ఇక్కడ ఇరుగుపొరుగు నోళ్ళకి భయపడి పెట్టుకున్నట్టుంది. కింద వీధిలో నిలబడి మాట్లాడుకునే ప్రతివాళ్ళ నెత్తి మీదా ఆ తేలు వేలాడుతూ ఉంటుంది.

అది దాటగానే పియాత్సా దెల్లా రిపుబ్లికా. బస్సులో వచ్చినవాళ్ళని ఇక్కడ కలుసుకోవచ్చు.

సాన్ జార్జో దగ్గర

ఈ చౌరస్తా నుంచి సన్న వీధుల్లో పైకి నడిస్తే పియాత్సా దువోమో. పొడవుగా, కొంచెం ఏటవాలుగా ఉన్న మైదానం, వరసగా ఈత చెట్లలాంటి చెట్లు, పై చివర 54 మెట్ల మీద సాన్ జార్జో చర్చి. కట్టింది రొసారియో గల్యార్ది, పూర్తయింది 1775లో. ఒక తమాషా గమనించండి. చర్చి మైదానానికి తిన్నగా ఎదురుగా ఉండదు, కొద్దిగా పక్కకి తిప్పి ఉంటుంది. తిన్నగా పెట్టి ఉంటే ముందుభాగం వెనకున్న గుమ్మటాన్ని మింగేసేది. ఆ పక్కకి తిప్పడం వల్లే కింది నుంచి వచ్చేవాళ్ళకి రెండూ కనిపిస్తాయి. 43 మీటర్ల ఎత్తున్న ఆ గుమ్మటం తర్వాత కాలానిది, 1820లో కట్టారు. నీలం అద్దాలు దానివే.

ముందు ఇనుప కటకటాల గేటు మూసి ఉంటే చర్చి మూసేశారనుకోకండి, పక్కనున్న దారిలోంచి వెళ్ళాలి. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళండి, చున్నీ చాలు. ప్రార్థన జరుగుతుంటే ఫొటోలు ఆపేయండి. బయటికొచ్చి మైదానం కింది చివర ఒక బల్ల దగ్గర కూర్చోండి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. ఇక్కడ మాత్రం కూర్చునే డబ్బు ఇవ్వొచ్చు.

ఇటలీలో బాగా పేరున్న ఒక డిటెక్టివ్ సీరియల్ ఈ మైదానంలోనే తీశారు. అది చూసి వచ్చిన ఇటాలియన్లు మెట్ల ముందు ఫొటోలు దిగుతూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

తిండి

ఇక్కడ ముందు రుచి చూడాల్సింది స్కాచ్చా. పిండిని పల్చగా పెద్దగా వత్తి, టొమాటో గుజ్జు రాసి, చీజు చల్లి, మడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ మడిచి కాలుస్తారు. కోస్తే పక్క నుంచి పుస్తకం పేజీల్లా పొరలు కనిపిస్తాయి. అంచుల్లో టొమాటో మాడి కొంచెం నల్లబడిన ముక్క అడిగి తీసుకోండి, అదే బాగుంటుంది. రొట్టెల దుకాణంలో కొనుక్కుంటే చవక. వంకాయది, ఉల్లిపాయ, రికోత్తా అనే మెత్తటి చీజు కలిపినది కూడా ఉంటాయి. మాంసం పెట్టినవీ పక్కనే ఉంటాయి కాబట్టి చూపించి అడగాలి.

శాకాహారులు ఈ మూడు ముక్కలు కంఠతా పట్టండి: "సెంత్సా కార్నే" అంటే మాంసం లేకుండా, "సెంత్సా పేషే" అంటే చేప లేకుండా, "సెంత్సా వోవా" అంటే గుడ్డు లేకుండా. చేప మాట ప్రత్యేకంగా చెప్పాలి, కూరగాయల వంటల్లో కూడా చిన్న ఉప్పుచేప కలిపేస్తారు. వంకాయ వేసిన పాస్తా అల్లా నోర్మా, వంకాయ పుల్లకూర లాంటి కపొనాతా మనకి బాగా నప్పుతాయి. మాక్కో అని ఎండు బాకలా (చిక్కుడు జాతి) గింజలు మెత్తగా ఉడికించి చేసేది దొరికితే వదలకండి, పోపు లేని ముద్దపప్పే. మా అత్తగారు దాంట్లో ఆవకాయ కలుపుకుని ఆ రోజుకి ఇటలీని క్షమించేశారు.

ఈ ప్రాంతపు చీజు రగుసానో. ఇటుక ఆకారంలో, 10 నుంచి 16 కిలోల దిమ్మెలుగా చేసి, తాళ్ళతో కట్టి దూలానికి రెండు పక్కలా వేలాడదీసి ఆరబెడతారు. రుచి గొప్పది, కానీ పాలు విరిచేందుకు మేకపిల్ల, గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. నిష్ఠగా ఉండేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

పొద్దున ఫలహారం బాదం గ్రనీతా, అంటే మంచు పలుకుల్లా ఉండే చల్లటి తీపి, దాంతో మెత్తటి బ్రియోష్ రొట్టె. దాని పైనున్న చిన్న ముడి తుంచి గ్రనీతాలో ముంచి మొదలుపెట్టాలి. రొట్టెలో గుడ్డు ఉంటుంది. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు ఎక్కడా దొరకదు, పిల్లలుంటే ఆరింటికే ఒక స్కాచ్చా కొని ఉంచుకోండి. బిల్లులో కొపెర్తో అని మనిషికింత వేస్తారు. అది మోసం కాదు, కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు.

రాత్రి, మర్నాడు పొద్దున

పదింటికి మళ్ళీ బయటికి రండి. గుమ్మటానికి దీపాలు పెడతారు, వీధుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది. చేయాల్సిన పనేమీ లేదు, నడవడమే.

పొద్దున కొర్సో వీధిలో తూర్పు చివరికి వెళ్ళండి. దారిలో సాన్ జ్యుసెప్పె చర్చి ఉంటుంది, లోపల కోడిగుడ్డు ఆకారంలో హాలు. పైనున్న జాలీల వెనక నుంచి సన్యాసినులు ప్రార్థన వినేవాళ్ళు. వీధి చివర జార్దీనో ఇబ్లెయో తోట, 19వ శతాబ్దంలో వేసింది. ఖర్జూరపు చెట్ల వరసలు, బెంచీలు, చివర పిట్టగోడ అవతల లోయ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఈ ఊళ్ళో ఇదే స్వర్గం, అంతా చదునే.

తోట గేటు దగ్గరే ఒక పాత ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. చాలామంది చూడకుండానే తోటలోకి వెళ్ళిపోతారు. అది పాత సాన్ జార్జో చర్చిది. 1693లో చర్చంతా కూలిపోగా అదొక్కటే మిగిలింది. తలుపు పైన గుర్రమెక్కి డ్రాగన్‌ని పొడుస్తున్న సాన్ జార్జో బొమ్మ సగం అరిగి ఉంటుంది. ముందు రోజు చూసిన పెద్ద చర్చి అంతా దీనికి బదులుగా కట్టుకున్నదే.

ఇంకో పూట మిగిలితే మోదికా వెళ్ళండి. రైల్లో అరగంట లోపే. అక్కడి చాక్లెట్‌లో పంచదార కరగనివ్వరు, తక్కువ వేడిలో కలుపుతారు. అందుకే కొరికితే నున్నగా ఉండదు, సున్నుండలో పంచదార పలుకు తగిలినట్టు పళ్ళ కింద కరకరలాడుతుంది. చాక్లెట్ కడ్డీలు ఇంటికి తెచ్చుకోవచ్చు, చీజు కొంటే "సొత్తోవ్వోతో" అనండి, గాలి తీసి ప్యాక్ చేసిస్తారు. తిరుగు ప్రయాణం రోజు మాత్రం బస్సు టైముకి గంట ముందే గదిలోంచి కదలండి, గది నుంచి బస్సు దాకా ఉన్న మెట్లన్నీ ఈసారి సామానుతో దాటాలి.